జడ్జికి ఓటుపెట్టె వద్దు

ఎమ్మెల్యే ఐదేళ్ళకోసారి మన గుమ్మం దగ్గరికొచ్చి ఓటు అడుగుతాడు. హైకోర్టు జడ్జి మాత్రం ఒకసారి కుర్చీలో కూర్చుంటే 62 ఏళ్ళు నిండేదాకా ఎవ్వరినీ అడగక్కర్లేదు. "ఇదేం న్యాయం? జడ్జీలను కూడా ప్రజలే ఓటేసి దించాలి" అని మా తరగతిలో చాలామంది వాదిస్తున్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ నేను ఒప్పుకోను. కోవిల్‌పట్టిలోనో విరుదునగర్‌లోనో ఉంటూ తెలుగులో చదువుకునే మనం అసలే ఒప్పుకోకూడదు.

అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఈ పద్ధతి ఉంది. గవర్నరు నియమించిన జడ్జి కొన్నేళ్ళ తర్వాత ప్రజల ముందుకు రావాలి. పోటీ అభ్యర్థి ఉండడు. ఈ జడ్జి కొనసాగాలా, వద్దా అన్నదొక్కటే ప్రశ్న. ఫలితం ఏమైంది? ఉరిశిక్షలు ఖాయం చెయ్యడం లేదని పెద్ద ప్రచారం చేసి, 1986లో కాలిఫోర్నియా ప్రధాన న్యాయమూర్తి రోజ్ బర్డ్‌నూ, మరో ఇద్దరు జడ్జీలనూ దించేశారు. 2010లో అయోవా సుప్రీంకోర్టు జడ్జీలు ముగ్గురు పోయారు. ఒకే లింగంవారి పెళ్ళి చెల్లుతుందని అంతకుముందు ఏడాది ఆ కోర్టు తీర్పిచ్చింది. వాళ్ళ తప్పు లంచం కాదు. ఎక్కువమందికి నచ్చని తీర్పు ఇచ్చారు, అంతే.

ఇప్పుడు మన తెలుగువారు కోకా సుబ్బారావు గారి సంగతి చూడండి. రాజమండ్రిలో పుట్టి, 1948లో మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యారు. 1954లో ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1962లో ఖరక్ సింగ్ కేసు వచ్చింది. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన మనిషి మీద పోలీసులు నిఘా పెట్టి, రాత్రిళ్ళు ఇంటికొచ్చి తలుపు కొట్టేవాళ్ళు. రాత్రి సోదా ఒక్కటే తప్పు, మిగతా నిఘా సరేనని ఎక్కువమంది జడ్జీలు తేల్చారు. మొత్తం నిఘాయే చెల్లదని సుబ్బారావు గారు విడిగా రాశారు. ఆయనతో కలిసింది జస్టిస్ షా ఒక్కరే. 2017లో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం సుబ్బారావు గారి మాటే సరైనదని చెప్పింది. అంటే సుమారు 55 ఏళ్ళు పట్టింది! 1963లోనే ఓటు పెట్టి ఉంటే, దొంగలను వెనకేసుకొచ్చే జడ్జి అని ఊరూరా పోస్టర్లు అంటించి ఉండేవాళ్ళు కాదా?

ఆయన కూడా ఓటుకు నిలబడ్డారు కదా అంటారేమో. నిజమే, 1967లో రాష్ట్రపతి ఎన్నికలో పోటీచేసి ఓడిపోయారు. కానీ ముందు భారత ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేశాకే. కుర్చీలో కూర్చుని ఓటు అడగలేదు.

మన సంగతికి వద్దాం. 2011 జనగణన ప్రకారం ఈ రాష్ట్రంలో తెలుగు మాతృభాషవారు నూటికి సుమారు ఆరుగురు. 2006 చట్టంతో పదో తరగతిదాకా తమిళం తప్పనిసరి అయ్యింది. తమిళం నేర్చుకోవడానికి మనకేం అడ్డు లేదు, బజారులో రోజూ మాట్లాడేదే. కానీ మాతృభాషలో చదివిన పిల్లలు పదో తరగతి తమిళ పరీక్ష నుంచి మినహాయింపు కావాలంటే కోర్టుకే వెళ్ళాల్సి వచ్చింది. 2023లో సుప్రీంకోర్టు దాన్ని ఇంకో ఏడాది పొడిగించింది. రేపు మన కేసు మదురై బెంచికి వెళ్తే, ఆ జడ్జి రాజ్యాంగంలోని 30వ అధికరణం చూడాలా, మిగతా తొంభైనాలుగు ఓట్లు లెక్కపెట్టుకోవాలా? మీరే చెప్పండి.

అలాగని ఇప్పుడున్నదంతా బాగుందని నేననను. కొలీజియంలో జడ్జీలే జడ్జీలను ఎంచుకుంటారు. ఎందుకు ఎంచుకున్నారో, ఎందుకు బదిలీ చేశారో మనకు సరిగ్గా తెలియదు. కారణాలు రాతపూర్వకంగా బయట పెట్టాలి. రిటైరయ్యాక ప్రభుత్వ పదవులు ఇవ్వకూడదు. ఇవి గట్టిగా అడుగుదాం.

తోటి విద్యార్థులారా, ఒక తీర్పు మనకు నచ్చకపోతే పై కోర్టుకు అప్పీలు చేద్దాం. పత్రికలో విమర్శ రాద్దాం. అంతేగానీ, జడ్జిని దించమని మాత్రం అడగొద్దు. రేపు మన పక్షాన తీర్పిచ్చే జడ్జిని దించమని అడిగేవాళ్ళు మనకంటే చాలా ఎక్కువమంది ఉంటారు.