ఒత్తుల లోతు

తెలుగు అచ్చుకూర్పు ప్రస్తావన వస్తే మిత్రులందరూ ఖతి అందచందాలనే చర్చిస్తారు. కొలతల దస్త్రాన్ని తలచేవారు అరుదు. నా ఫిర్యాదు అదే.

డొనాల్డ్ క్నూత్ 1978లో వెలువరించిన టెక్ వ్యవస్థకు అక్షరరూపంతో పనిలేదు. వెడల్పు, ఎత్తు, లోతు తెలిపే టీఎఫ్ఎమ్ దస్త్రం చాలు. గణవిభజన చేసేవాడు గురులఘువులనే చూస్తాడు గాని అర్థాన్ని కాదు గదా! బడిలో ఏళ్ళ తరబడి ఆ పనే చేయించిన నాకు ఈ సంగతి సులువుగానే పట్టుబడింది.

ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణకుమార్‌ల తెలుగుటెక్ 1990లలోనే మనకు దారి చూపింది. చిక్కంతా లోతు దగ్గర. ఆంగ్లంలో గీత దిగువకు దిగే అక్షరాలు కొన్నే. మనం ‘కార్త్స్న్యము’ అని వ్రాస్తే ఒత్తులు బారులు తీరుతాయి. ఆ దస్త్రంలో ఒక్కొక్క ఖతికి, సున్నను కలుపుకొని, 16 లోతులకే చోటు. తక్కినవాటిని మెటాఫాంట్ దగ్గరి విలువకు సర్దుతుంది. అది క్షమ్యమే. పంక్తులు సమంగా కనబడాలని ఒత్తు లోతును బుద్ధిపూర్వకంగా తగ్గించి వ్రాయడం మాత్రం నాకు సమ్మతం కాదు. టెక్ ఆ మాట నమ్మి క్రింది పంక్తిని దగ్గరకు చేరుస్తుంది. ఇక్కడ బసంత్‌నగర్‌లో నేను కూర్చుకొన్న పద్యాల ప్రతిలో పై పాదపు క్రావడి క్రింది గుడిని తాకి, అది గుడిదీర్ఘంలా కనబడింది. లఘువు గురువై గణం చెడింది!

అసలు లోతు చెబితే పంక్తుల ఎడం హెచ్చుతగ్గులవుతుందంటారా? ఎడాన్నే మొత్తంగా పెంచండి. కాగితం కొంత ఎక్కువ పడితే పడనీయండి.

2004లో వచ్చిన జీటెక్ యూనికోడ్ ఖతులను నేరుగా వాడుకొంటుంది. విడిగా టీఎఫ్ఎమ్ అక్కరలేదు. కొలత మాత్రం ఎక్కడికీ పోలేదు, ఖతిలోనే ఉంది. కొత్త ఖతి చేసేవారు ‘అ’ కంటె ముందు ‘స్త్రీ’ని కొలవాలని నా మనవి.