అద్దె కంప్యూటర్‌కి ఖాతా ఎవరి పేరున?

క్లౌడ్ అనగానే మనలో చాలామంది "అవన్నీ మనకెందుకండీ, పిల్లలు చూసుకుంటారు" అనేస్తారు. పేరుకే మబ్బు. నిజానికి అందులో మబ్బూ లేదు, మాయా లేదు. ఎక్కడో ఓ పెద్ద భవనంలో, చల్లబరిచిన గదుల్లో వేలాది కంప్యూటర్లు రాత్రింబవళ్లు నడుస్తుంటాయి. వాటిని అద్దెకిస్తారు, అంతే! అమెజాన్ కంపెనీ 2006లో ఈ అద్దె వ్యాపారంలోకి దిగింది. 2022 నవంబరులో మన హైదరాబాద్‌లోనూ కేంద్రం తెరిచింది.

అద్దె సంగతి ఆడవాళ్లకు ఒకరు చెప్పాలా? ఇంట్లో పెళ్లయితే ఐదొందల కుర్చీలు, షామియానా, గంగాళాలు ఎవరైనా కొంటారా? సప్లయింగ్ కంపెనీ నుంచి తెప్పిస్తాం. జనం పెరిగితే ఇంకో యాభై తెమ్మంటాం, పనయ్యాక పంపించేస్తాం. క్లౌడ్‌లోనూ అదే పద్ధతి. పండగకి ఆర్డర్లు ముంచుకొస్తే కంప్యూటర్లు పెరిగేలా, తర్వాత తగ్గేలా ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. వాడుకున్నంతకే డబ్బు. అయితే కుర్చీలు తిప్పి పంపకపోతే అద్దె పడుతూనే ఉంటుంది చూడండి, ఆపడం మరిచిన సర్వర్‌దీ అంతే. మొదట్లో ఇచ్చే ఉచిత గడువు దాటాక బిల్లు మొదలవ్వొచ్చు.

ఈ అద్దెలోనూ రకాలున్నాయి. ఖాళీ ఇల్లు తీసుకుని అన్నీ మనమే అమర్చుకోవడం ఒకటి. పొయ్యీ గిన్నెలతో సహా వంటగది దొరికితే వండుకోవడం ఒకటి. మెస్‌లో కూర్చుని భోంచేయడం ఇంకొకటి. మనం రోజూ చూసే జీమెయిల్ ఈ మూడో రకం.

తయారైన యాప్‌ని ఆ అద్దె కంప్యూటర్‌లోకి ఎక్కించి నలుగురికీ అందేలా చేయడాన్ని డిప్లాయ్ చేయడం అంటారు. ఈమధ్య ప్రోగ్రామునీ, దానికి కావలసిన సరంజామానీ ఒకే డబ్బాలో సర్ది పంపుతున్నారు. దాని పేరు కంటైనర్. ఏ ఊళ్లో దింపినా ఒకేలా పనిచేస్తుంది.

ఇక్కడిదాకా తేలికే. నన్ను బాధపెట్టేది వేరే ఉంది. నాకు తెలిసినావిడ పచ్చళ్ల వ్యాపారం చేస్తుంది. ఒక కుర్రాడి చేత యాప్ చేయించుకుంది. క్లౌడ్ ఖాతా అతని ఈమెయిల్‌తో, అతని ఫోన్ నంబరుతో తెరిచాడు. వెబ్‌సైటు పేరూ అతని పేరునే రిజిస్టరైంది. నెలనెలా డబ్బు మాత్రం ఈవిడదే! అతను ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, ఫోన్ తీయడు. ఖాతాదారు అతనే కాబట్టి క్లౌడ్ కంపెనీ ఈవిడ మాట వినదు. మూడేళ్ల ఖాతాదారుల చిరునామాలన్నీ అందులోనే ఉండిపోయాయి.

పొలం, ఇల్లు, బ్యాంకు పుస్తకం మన పేరున ఉండాలని ఎన్నాళ్లుగానో చెప్పుకుంటున్నాం. క్లౌడ్ ఖాతా కూడా ఆ లెక్కలోకే వస్తుందని నా అభిప్రాయం. అసలు యజమాని ఖాతా మన ఈమెయిల్‌తోనే తెరవాలి. పనిచేసేవాళ్లకి వేరే లాగిన్, వాళ్ల పనికి సరిపడా అనుమతి ఇస్తే చాలు. మేస్త్రీకి ఇంటి తాళం ఇస్తాం గానీ బీరువా తాళం ఇస్తామా?

"కంపెనీ పెద్దది, అదే చూసుకుంటుందిలే" అనుకోవడానికీ లేదు. భవనం, కరెంటు, యంత్రాలు వాళ్ల పూచీ. పాస్‌వర్డు, ఎవరు లోపలికి రావచ్చన్నది మన పూచీ. నకళ్ల సంగతీ చాలావరకు మనదే. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే కంపెనీ డేటా సెంటర్‌కు నిప్పంటుకుని ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. మరోచోట నకలు పెట్టుకోనివాళ్లలో ఎందరికో సమాచారం తిరిగి రాలేదు.

యాప్ చేయించేముందు ఆ కుర్రాణ్ని కూర్చోబెట్టి అడగండి. ఖాతా ఎవరి పేరున? బిల్లు ఇంత దాటితే నాకు మెయిల్ వచ్చేలా పెట్టావా? నకలు ఏ ఊళ్లో ఉంది? "మీకు అర్థం కాదాంటీ" అంటే, అర్థమయ్యేలా చెప్పేవాణ్ని వెతుక్కోండి.