గల్లాపెట్టె వెనక ఫ్రేములో ఏ కాగితం ఉంది?

ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల్లో ట్రేడ్ లైసెన్సు గడువు మామూలుగా మార్చి 31తో తీరిపోతుంది. దుకాణం నడిపేవాళ్లు ఈరోజే ఒకసారి గల్లాపెట్టె వెనక గోడ చూసుకోవాలి. లక్ష్మీదేవి పటం పక్కన పసుపు కుంకుమ బొట్లు పెట్టి, ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్ ఒకటి వేలాడుతుంటుంది. దగ్గరికెళ్లి చదివితే చాలా షాపుల్లో అది చిన్న వ్యాపారాల ఉద్యమ్ నమోదుది, లేకపోతే జీఎస్టీది. ఫలానా డోర్ నంబరులో ఫలానా వ్యాపారం చేసుకోవచ్చని మున్సిపాలిటీ ఇచ్చే అనుమతి ఆ రెండింటిలోనూ లేదు.

‘జీఎస్టీ కడుతున్నాం కదా, ఇంకా ఇదెందుకు?’ అన్న ధీమాతోనే చిక్కు. జీఎస్టీకి కావలసింది అమ్మకాల లెక్క. సరుకులు అమ్మేవాళ్లకు ఆంధ్రలో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటేదాకా సాధారణంగా ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మున్సిపాలిటీ అడిగేది వేరు: ఆ గదిలో ఏం చేస్తున్నారు, పక్కింటివాళ్లకు దానివల్ల ముప్పేమైనా ఉందా అని.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక భవనం అంటుకుంది. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి. ఎనిమిది మంది చనిపోయారు. కింద ఏ వ్యాపారం నడుస్తోందో పైన గది తీసుకున్నవాడికి ఎలా తెలుస్తుంది? ఆ సంగతి చూడాల్సింది మున్సిపాలిటీ. కుర్చీలోంచి లేవకుండా సంతకం పెట్టే అధికారికి కూడా ఈ మాట వర్తిస్తుంది.

షాపు కొత్తగా కొన్నవాళ్లు మరీ జాగ్రత్తపడాలి. పాత యజమాని పేరున్న లైసెన్సు మీకు రక్ష కాదు. ఫ్యాన్సీ షాపుకు తీసుకున్న లైసెన్సుతో అదే షట్టర్ కింద బాండీ పెట్టి బజ్జీలు వేయడమూ కుదరదు. తినుబండారాలకు ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు కూడా ఉండాలి. ఇద్దరు కుర్రాళ్లను పనికి పెట్టుకున్నా కార్మిక శాఖ నిబంధనలేమిటో ముందే అడిగి తెలుసుకోండి.

గడువు దగ్గరపడితే దళారులకు పండగ. ఉద్యమ్ నమోదుకు ప్రభుత్వం పైసా తీసుకోదు. అచ్చం ప్రభుత్వ సైటులా కనిపించే పేజీలు మాత్రం ‘ఫీజు’ పేరుతో వేలు గుంజుతాయి. ఇంకోవైపు ఫోన్లు: ‘మున్సిపల్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, సాయంత్రానికి మీ షాపు సీల్ చేస్తాం, ఈ నంబరుకు ఫోన్‌పే చేయండి.’ అలా వ్యక్తుల నంబరుకు పంపే డబ్బు ఏ లైసెన్సు ఫీజూ కాదు. ఫోన్ పెట్టేసి, ఇంటి పన్ను రసీదు, అద్దె ఒప్పందం పట్టుకుని వార్డు సచివాలయానికో మున్సిపల్ కార్యాలయానికో మీరే వెళ్లండి. కట్టిన ప్రతి రూపాయికీ నంబరున్న రసీదు అడగండి. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంట గడిచేకొద్దీ ఆ సొమ్ము ఒక ఖాతాలోంచి మరో ఖాతాకు జారిపోతూ ఉంటుంది.