వాపూ బలుపూ

2020లో కిరాణా కొట్ల అరల నిండా ఒకటే మాట: ఇమ్యూనిటీ. కషాయం పొడులు, పసుపు పాలు సరే. మధ్యప్రదేశ్‌లో మసాలా దినుసుల నీళ్ల ఆవిరి పట్టించిన చీరలు కూడా ఆ పేరు మీదే అమ్మకానికి వచ్చాయి. కట్టుకుంటే రోగనిరోధక శక్తి పెరుగుతుందట.

తప్పంతా అమ్మేవాళ్లదే అనడానికి లేదు. మాటలోనే కాస్త మోసం ఉంది. 'శక్తి' అని పేరు పెట్టుకున్నాక అదేదో బండి ట్యాంకులో పెట్రోలు లాంటిదనీ, తగ్గితే పోయించుకోవచ్చనీ అనిపించడం సహజం. ఒంట్లో అలాంటి ట్యాంకేదీ లేదు. ఉన్నది కాపలా. కాపలావాడికి కండ కన్నా ముందు కావలసింది మొహాలు గుర్తుపట్టడం: ఎవరు ఇంటివాళ్లు, ఎవరు కారు, ఎవరు ఇదివరకే ఓసారి గోడ దూకారు. తిండి చాలక చిక్కిపోయిన పిల్లల్లో ఈ కాపలా కూడా చిక్కిపోతుంది, నిజమే. వాళ్లకు కావలసింది పప్పన్నం, గుడ్డు. పొడి పొట్లం కాదు.

ఈ కాపలా పనితీరును పాఠ్యపుస్తకం కన్నా పల్లె మాటలే బాగా పట్టుకున్నాయి. సెగగడ్డ అన్న పేరులోనే సెగా ఉంది, గడ్డా ఉంది. అది లేచిన చోట చర్మం కందిపోతుంది, రాత్రంతా సలుపుతుంది. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట రోమన్ రచయిత సెల్సస్ ఇన్‌ఫ్లమేషన్‌కు రాసిపెట్టిన నాలుగు గుర్తులూ ఇవే: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. వైద్య విద్యార్థులు నేటికీ వాటిని లాటిన్‌లో వల్లె వేస్తారు. తెలుగువాడికి ఒక్క సెగగడ్డ చాలు.

కాల్లో ముల్లు దిగిందనుకోండి, దాని వెంట బాక్టీరియా కూడా దిగుతుంది. అక్కడి మాస్ట్ కణాలు హిస్టమిన్ విడుదల చేస్తాయి. సన్నని రక్తనాళాలు వెడల్పై రక్తం జోరుగా వస్తుంది. అదే ఎరుపు, అదే వేడి. నాళాల గోడలు సడలి నీరు బయటికి ఊరితే వాపు. ప్రోస్టాగ్లాండిన్లు నరాలను రెచ్చగొడితే నొప్పి. (ఆస్పిరిన్ అడ్డుపడేది ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీకేనని జాన్ వేన్ తేల్చింది 1971లో. అప్పటికి జనం డెబ్బై ఏళ్లుగా ఆ మాత్ర మింగుతూనే ఉన్నారు.) సడలిన గోడల సందుల్లోంచి న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు గంటల్లోనే చేరుకుని, సూక్ష్మజీవుల్ని మింగి తామూ చస్తాయి. అసహ్యంగా తుడిచిపారేసే చీములో చాలా వరకు ఆ కణాల శవాలే.

ఈ మింగుడు వ్యవహారం బయటపడిందీ ముల్లుతోనే. 1882లో సిసిలీ దీవిలోని మెసీనాలో ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త, అద్దంలా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లల్లోకి గులాబీ ముళ్లు గుచ్చాడు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. ఆ దారిలో సాగించిన పరిశోధనకే 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు.

కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ల కడుతుంది. ఎక్కడి పుండు, ఎక్కడి బిళ్ల? పుండు దగ్గర దొరికిన శత్రువు ముక్కల్ని డెండ్రిటిక్ కణాలు మోసుకొచ్చి, గజ్జల్లోని లింఫ్ గ్రంథిలో టి, బి కణాలకు చూపిస్తాయి. లెక్కలేనన్ని కణాల్లో ఆ ముక్కకు సరిగ్గా అతికేవి ఏ కొద్దో ఉంటాయి. అవి ఒకటి రెండై, రెండు నాలుగై పెరిగే సందడికే గ్రంథి ఉబ్బుతుంది. యాంటీబాడీలు తగినన్ని తయారు కావడానికి వారం, రెండు వారాలు పడుతుంది. పని అయ్యాక చాలా కణాలు రాలిపోతాయి. కొన్ని మాత్రం ఆ మొహాన్ని గుర్తుపెట్టుకుని మిగులుతాయి.

ఎన్నాళ్లు? 1846లో ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవులకు తట్టు వచ్చింది. 7,800 మంది జనాభాలో దాదాపు ఆరు వేల మంది మంచాన పడ్డారు. పరిశీలించడానికి వెళ్లిన డెన్మార్క్ వైద్యుడు పానమ్‌కు కొందరు ముసలివాళ్లు నిక్షేపంగా కనిపించారు. వాళ్లకు 1781లో, చిన్నప్పుడు, తట్టు వచ్చి తగ్గింది. మధ్యలో అరవై అయిదేళ్లు ఆ దీవుల్లో ఆ జబ్బే లేదు.

టీకా చేసేది ఈ గుర్తును జబ్బు పడకుండానే సంపాదించి పెట్టడం. కొన్నిట్లో నీరసపరచిన క్రిమి ఉంటుంది, కొన్నిట్లో చచ్చినది, కొన్నిట్లో దాని ముక్క. 1997లో హైదరాబాద్ నుంచి శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకాలో వైరస్సే లేదు. ఉన్నది ఈస్ట్ కణాల్లో తయారు చేసిన దాని పైతొడుగు ప్రొటీన్ ఒక్కటే. అయితే ఇక్కడో చిక్కుంది. దొంగ లేకుండా దొంగ చొక్కా ఒక్కటే గుమ్మంలో పడి ఉంటే కాపలావాడు లేవడు. వాణ్ణి లేపడానికి ఎవరో కాస్త అల్లరి చేయాలి. ఆ కిటుకు 1926లో ఇంగ్లండ్‌లో అలెగ్జాండర్ గ్లెన్నీకి చిక్కింది. డిఫ్తీరియా టీకాకు ఆయన కలిపింది పటిక! గడ్డం గీశాక మంగలి రాసే పటిక, గుమ్మానికి దిష్టి కోసం కట్టే పటిక. ఇప్పటికీ ఎన్నో టీకాల్లో అల్యూమినియం లవణాలే ఆ పని చేస్తున్నాయి.

అంటే సూది పడిన చోట వచ్చే వాపులో కొంత కోరి తెచ్చుకున్నదే. ఈ ముక్క తల్లులకు ఎవరూ చెప్పరు. ఆరు వారాల బిడ్డకు పెంటావాలెంట్ టీకా వేస్తారు, కార్డు మీద తర్వాతి తేదీ రాస్తారు. రాత్రికి ఒళ్లు కాలుతుంది, తొడ గట్టిపడుతుంది. నానమ్మ ఇంకో సూది వద్దంటుంది. ఆమెను మూఢురాలని తిట్టి లాభం లేదు. ఆమె చూసింది నిజమైన వాపే. అది రెండు మూడు రోజుల్లో దిగుతుందనీ, జ్వరం తగ్గకపోయినా ఫిట్స్ వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలనీ సూది వేసే ముందే చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. జ్వరం రాకపోతే టీకా పనిచేయలేదనుకోవడమూ పొరపాటే. చాలామంది పిల్లలకు చడీచప్పుడూ లేకుండానే రక్షణ వస్తుంది.

ఇక బలుపు సంగతి. కాపలావాడు ఇంటివాళ్ల మీదే కర్ర ఎత్తితే దాన్ని ఏమనాలి? రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌లో వేళ్ల కణుపులు వాచేది అందుకే. కోవిడ్ ముదిరినప్పుడు చాలామంది ఊపిరితిత్తులను దెబ్బతీసింది కూడా వైరస్ ఒక్కటే కాదు, అదుపు తప్పిన ఇన్‌ఫ్లమేషన్. 2020 జూన్‌లో బ్రిటన్‌లో 'రికవరీ' పేరుతో జరిగిన మందుల పరీక్షల్లో డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలను మూడో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం పడని రోగులకు మాత్రం దానివల్ల ఏ మేలూ కనిపించలేదు. ప్రాణం నిలిపిన ఆ మందు చేసే పని ఇమ్యూనిటీని అణచడం. ఊరంతా దాన్ని పెంచుకునే పొడులు కొంటున్న ఏడాదిలోనే ఈ సంగతి తేలింది.

అణిచే మందుల్లో ఒకదాని వెనక మన భీమవరం ఉంది. అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపించిన పరిశోధన నుంచి మెథోట్రెక్సేట్ వచ్చింది. మొదట క్యాన్సర్ మందు. సుబ్బారావు 1948లో పోయారు. కీళ్లకు వాడటానికి అమెరికా ప్రభుత్వం దాన్ని అనుమతించింది 1988లో. రుమటాయిడ్ రోగులకు ఇప్పటికీ ముందుగా రాసే మందుల్లో అదొకటి, చిన్న మోతాదులో, వారానికి ఒక్కరోజే. ఆదివారం ఆ మాత్ర వేసుకుని, సోమవారం నుంచి శనివారం దాకా గోరువెచ్చని నీళ్లలో ఇమ్యూనిటీ పొడి కలుపుకుని తాగేవాళ్లూ లేకపోలేదు.