ఉప్పు మాట వినే ఎంజైములు

వంకాయ తరగడానికి ముందే పక్కన గిన్నెలో ఉప్పు నీళ్లు పెట్టుకోవడం మన ఇళ్లలో అలవాటు. లేకపోతే ముక్కలు నిమిషాల్లో నల్లబడతాయి, కూర కనరెక్కుతుంది. కత్తిపీట తగిలిన చోట వంకాయ కణాలు చిట్లుతాయి. అప్పటిదాకా వేర్వేరు అరల్లో ఉన్న ఫినాల్ పదార్థాలూ, పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమూ కలిసిపోతాయి. గాలిలోని ఆక్సిజన్ తోడవుతుంది. ఇంకేముంది, నలుపు! ఉప్పు నీళ్లు గాలిని కొంత అడ్డుకుంటాయి. ఉప్పులోని క్లోరైడ్ ఎంజైము పనికే అడ్డం పడుతుంది. నీళ్లలో కాస్త పుల్ల మజ్జిగ కలిపితే ఇంకా మంచిది. పులుపు తగిలితే ఆ ఎంజైము మరింత డీలా పడుతుంది.

కల్లుప్పు అనగానే ఉత్తరాంధ్రవాళ్లకు గుర్తొచ్చే ఊరు నౌపడ. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో, హౌరా-చెన్నై రైలు మార్గం మీద ఉంటుంది. పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ వెళ్లే లైను చీలేది ఇక్కడే. 1900లో పర్లాకిమిడి వరకు మొదలైన ఆ చిన్నరైలు 2004లో ఆగి, 2011లో పెద్ద లైనుగా మళ్లీ పట్టాలెక్కింది. స్టేషను దాటితే ఉప్పు మడులు. సముద్రపు నీటిలో ఉప్పు మూడున్నర శాతమే. మడుల్లో ఎండకు ఆ నీరు చిక్కబడి, ఉప్పు ఇరవై ఆరు శాతం దాకా చేరాక గళ్లు కట్టడం మొదలవుతుంది. దగ్గర్లోనే భావనపాడు తీరం. ఒకవైపు ఉప్పు, మరోవైపు చేప. ఇక ఉప్పుచేపకు కొదవేముంది!

వంకాయ సంగతి సరే, చేపలో ఏం జరుగుతుంది?

చేప చచ్చిపోగానే పాడు చేసేది సూక్ష్మజీవులే అనుకుంటాం. వాటికంటే ముందు పని మొదలెట్టేవి చేప సొంత ఎంజైములే. బతికున్నప్పుడు పొట్టలో మాంసకృత్తుల్ని జీర్ణం చేసే ట్రిప్సిన్ ఎంత కట్టుదిట్టంగా ఉంటుందో చూడండి. అది పుట్టేటప్పుడే ట్రిప్సినోజెన్ అనే పనిచేయని రూపంలో పుడుతుంది. పేగులోకి వచ్చాక కొస తెగితేనే పదునెక్కుతుంది. పొరపాటున ముందే పదునెక్కితే పట్టి ఆపడానికి పక్కనే ఓ నిరోధకం కాపలా ఉంటుంది. పేగు గోడకు జిగురు పూత అదనపు రక్షణ. ప్రాణం పోయాక ఈ కాపలా అంతా చెదిరిపోతుంది. ఎంజైము మాత్రం పని మానదు. అన్నం అరిగించిన చేత్తోనే పొట్టగోడనూ అరిగించేస్తుంది. వలలో పడేముందు బాగా మేసిన కవళ్లు, నెత్తళ్లు గంటల్లోనే పొట్ట పగలడానికి కారణం ఇదే. పెద్ద చేపల్ని ఒడ్డుకు చేరగానే కోసి పేగులు తీసేసేదీ ఇందుకే.

కంటికి కనిపించని ఎంజైము ఎంత చురుగ్గా ఉందో ఎలా కొలుస్తారు? నేరుగా ఎంజైమును తూచరు, అది చేసిన పనిని లెక్కపెడతారు. 1938లో ఆన్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త వివరించిన పద్ధతి ఇప్పటికీ పాఠం లాంటిదే. చేప పేగుల రసాన్ని కొద్దిగా తీసుకుని దానికి మేతగా హిమోగ్లోబిన్ ఇస్తారు. వేడి, ఆమ్లత మారకుండా చూస్తారు. సరిగ్గా పది నిమిషాల తర్వాత ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లం పోస్తే ఎంజైము ఆగిపోతుంది. అరగని ముద్ద అడుగుకు చేరుతుంది. అరిగిన చిన్న ముక్కలు నీటిలో మిగులుతాయి. అందులో ఫోలిన్ కారకం వేస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ఎంజైము అంత పని చేసినట్టు. నిమిషానికి ఒక మైక్రోమోల్ పదార్థాన్ని మార్చితే ఒక 'యూనిట్'. సెకనుకు ఒక మోల్ మార్చితే ఒక 'కటాల్'. ఈ రెండోదాన్ని 1999లో అంతర్జాతీయ కొలతల్లో చేర్చారు. మామూలు లెక్కలకు అది మరీ పెద్ద కొలత, సముద్రాన్ని తవ్వెడతో కాక చెరువుతో కొలిచినట్టు!

ఆ నీలం రంగు దగ్గర ఓ తెలుగువాడు తారసపడతాడు. ఫోలిన్ పనిచేసింది హార్వర్డులో. ఆయన విభాగంలోనే సైరస్ ఫిస్క్ దగ్గర చేరాడు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1925లో ఇద్దరూ కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించారు. అక్కడా గుర్తు నీలమే. ఫాస్ఫేటును తెంపే ఎంజైము ఏదైనా సరే, ఎంత ఫాస్ఫేటు విడుదలైందో ఆ నీలం చెబుతుంది. 1929లో వాళ్లే కండరంలో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. చేప తాజాదనాన్ని లెక్కగట్టడానికి జపాన్‌వాళ్లు 1959లో ఈ ఏటీపీనే ఆసరా చేసుకున్నారు. చేప చచ్చాక ఎంజైములు ఏటీపీని మెట్టుమెట్టుగా విరగ్గొడతాయి. మధ్య మెట్టులో రుచినిచ్చే పదార్థం, చివరి మెట్లలో చేదు. ఎన్ని మెట్లు దిగిందో చూస్తే చేప వయసు తెలుస్తుంది. బేరగాడి మాటతో పనిలేదు.

మరి ఎంజైమును ఆపడం ఎలా? నౌపడ స్టేషనులో టికెట్ కౌంటరు ఊహించుకోండి. వరసలో ఇద్దరే ఉంటే గుమాస్తా ఖాళీ. జనం పెరిగేకొద్దీ టికెట్లు వేగంగా తెగుతాయి. ఒక దశ దాటాక ఎంతమంది వచ్చినా అంతకుమించి వేగం పెరగదు. మైకేలిస్, మెంటెన్ 1913లో ఎంజైముకు రాసిన సూత్రం దాదాపు ఇదే. ఇప్పుడు టికెట్ కొనని మనిషి ఒకడు కౌంటరు ముందు అడ్డంగా నిలబడ్డాడనుకోండి. పని కుంటుపడుతుంది. అసలు ప్రయాణికులు బాగా ఎక్కువైతే వాణ్ని నెట్టేసి ముందుకొస్తారు. ఇది పోటీ నిరోధం. గుమాస్తాకే జ్వరమొస్తే ఎంతమంది వచ్చినా లాభం లేదు. అది మరో రకం.

సుబ్బారావు తర్వాత లెడర్లీ కంపెనీలో పరిశోధన నడిపాడు. ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అచ్చం కౌంటరు ముందు నిలబడే మనిషి లాంటివే. చూడ్డానికి ఫోలిక్ ఆమ్లంలా ఉంటాయి. 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌తో రక్తక్యాన్సర్ ఉన్న పదహారు మంది పిల్లలకు చికిత్స చేస్తే, పదిమందిలో జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టింది. అంతకుముందు అదీ లేదు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. ఆ మందు సరిగ్గా ఏ ఎంజైమును పట్టి ఆపుతోందో 1958లో గానీ తేలలేదు.

ఉప్పు ఇంత గురి చూసి కొట్టదు. మొరటుగా పనిచేస్తుంది. చేప బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు ఉప్పు పట్టిస్తే నీరు బయటికి ఊరుతుంది. ఎంజైముకు నీరు కరవవుతుంది, ఆకారం కుదురుగా ఉండదు. అయినా పూర్తిగా ఆగదు. వియత్నాంలో నెత్తళ్లకు మూడో వంతు ఉప్పు కలిపి ఏడాది పాటు తొట్టెల్లో ఉంచుతారు. ఆ ఉప్పులోనూ చేప ఎంజైములు నెమ్మదిగా పని కానిచ్చి, చేపను పులుసులా కరిగించేస్తాయి. అదే వాళ్ల న్యూక్ మామ్. మనవాళ్లు ఉప్పు పట్టించాక ఎండబెడతారు కాబట్టి చేప చేపగానే మిగులుతుంది. వాన పడి ఎండ లేకపోతే మాత్రం బుట్టల కొద్దీ సరుకు మెత్తబడుతుంది. నష్టపోయేది ఎండుచేపలు అమ్ముకునే ఆడవాళ్లే. ఉప్పు నాణ్యతా ముఖ్యమే. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న ఉప్పు చేపలోకి ఆలస్యంగా ఇంకుతుంది, చేదూ తగులుతుంది.

ఆలస్యం అంటే గుర్తొచ్చింది. కానాగంతలు, సూర చేపల్లో హిస్టిడిన్ ఎక్కువ. ఎండలో పడి ఉంటే కొన్ని బ్యాక్టీరియాల ఎంజైము దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. బ్యాక్టీరియా చచ్చినా అది వదిలిన ఎంజైము ఇంకొంతకాలం పని చేస్తూనే ఉంటుంది. ఒకసారి తయారైన హిస్టమిన్ ఉప్పేసినా పోదు, ఎంత మరిగించినా పోదు. తిన్నవాళ్లకు కాసేపట్లో ముఖం ఎర్రబడి, తలనొప్పి, దురద, వాంతులు. 'చేప పడలేదు' అనుకుంటారు పాపం. కిలో చేపలో 200 మిల్లీగ్రాములకు మించి హిస్టమిన్ ఉండకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ నియమం. ఇక్కడ ముందు కావలసింది ఉప్పు కాదు, ఐసు. పది డిగ్రీలు తగ్గితే ఎంజైముల వేగం సుమారు సగమవుతుంది. అంటే ముప్పై డిగ్రీల నుంచి సున్నాకు దించితే దాదాపు ఎనిమిదో వంతు. పడవలోనే ఐసు వేస్తే, ఒడ్డున ఉప్పుకు సగం పని తగ్గినట్టే.

ఉప్పుచేప కొనేటప్పుడు గులాబీ రంగు మచ్చలుంటే వదిలేయండి. అవి ఉప్పును ఇష్టపడే సూక్ష్మజీవుల కాపురాలు. ఎండకు ఆరబెట్టిన ఉప్పుతో పాటే వస్తాయి. మిగతా ఎంజైములు డీలా పడే చోట వీటివి హాయిగా తిరుగుతాయి. మంచినీళ్లలో వేస్తే మాత్రం ఆకారం చెదిరి పనికి రాకుండా పోతాయి. అందుకే ప్రయోగశాలలో వాటి చురుకుదనం కొలవాలంటే, ముందు సీసాలో గుప్పెడు ఉప్పు కలుపుతారు.