చవితి చంద్రుడూ, సేఠు గారి క్షమాపణా

భాద్రపద శుద్ధ చవితి నాడు సూరత్‌లో రెండు పండగలు కలిసి వస్తాయి. లింబాయత్ గల్లీల్లో మన తెలుగువాళ్ళు వినాయకుణ్ణి కూచోబెట్టి వ్రతకథ చదువుకుంటారు. అదే రోజున శ్వేతాంబర జైనుల్లో చాలామంది పర్యూషణ ముగించి సంవత్సరి జరుపుకుంటారు (కొన్ని శాఖలవారికి అది పంచమి నాడు). తెలిసి గాని తెలియక గాని నొప్పించి ఉంటే మన్నించమని ఒకరికొకరు ‘మిచ్ఛామి దుక్కడం’ చెప్పుకుంటారు. మొదటి పండగ అబద్ధపు నింద గురించి, రెండోది క్షమాపణ గురించి. నిందకీ క్షమాపణకీ మధ్య విచారణ అనేది ఒకటి జరగాలి కదా. దానికి మాత్రం ఏ క్యాలెండర్లోనూ పండగ లేదు.

ముందు వ్రతకథ చూద్దాం. మన పాఠకుల్లో చాలామంది దాన్ని ఎప్పుడో వదిలేసి ఉంటారు. ఈసారి ఎఫ్ఐఆర్ చదివినట్టు చదవండి. సత్రాజిత్తు దగ్గర రోజుకు ఎనిమిది బారువుల బంగారం పెట్టే శమంతకమణి ఉంది. కృష్ణుడు దాన్ని ఒకసారి అడిగాడు, అతను ఇవ్వలేదు. మణి మెడలో వేసుకుని వేటకు పోయిన తమ్ముడు ప్రసేనుడు తిరిగి రాలేదు. ఇంకేం, కృష్ణుడే చంపి మణి కాజేశాడని సత్రాజిత్తు చాటేశాడు. సాక్షి లేడు, శవం దొరకలేదు, మణి దొరకలేదు. ఉన్నదల్లా ‘ఒకప్పుడు అడిగాడు కదా’ అన్న అనుమానం. ఆపైన ఏం జరిగింది? నింద వేసినవాడు హాయిగా ఇంట్లో కూచున్నాడు. నింద పడ్డవాడు అడవికి పోయి, అడుగుజాడలు వెతికి, గుహలో జాంబవంతుడితో 28 రోజులు పోట్లాడి, మణి తెచ్చి చూపించుకోవలసి వచ్చింది. నిరూపణ భారం ఎవరి నెత్తిన పడిందో గమనించారా?

ఇంతకీ ఈ నిందకు కారణం ఏమని చెబుతుంది కథ? సత్రాజిత్తు నోటిదురుసు అని కాదు. కృష్ణుడు పాలగిన్నెలో చవితి చంద్రుణ్ణి చూశాడట! అంటే తప్పు నింద పడ్డవాడిదే అన్నమాట. నివారణోపాయం కూడా వాడికే చెప్పారు. కథ విని అక్షతలు నెత్తిన వేసుకోవాలి. నిందలు వేసేవాళ్ళు చేయవలసిన వ్రతం ఒక్కటీ లేదు. చివరికి సత్రాజిత్తు సిగ్గుపడి మణితో పాటు కూతుర్ని కూడా ఇస్తానన్నాడు. ఆ తప్పు ఖర్చు కాస్తా సత్యభామ పద్దులో పడింది.

ఇది పుక్కిటి పురాణం కాదా, ఇప్పుడెందుకు అంటారేమో. సూరత్ మణుల ఊరు, బట్టల ఊరు. ఇక్కడ సరుకు చేతులు మారుతుంది, కాగితం మారదు. వజ్రాల కారఖానాలో పొట్లం తూచి ఇస్తారు, తూచి తీసుకుంటారు, తేడా వస్తే సాన పట్టినవాడి వైపు చూస్తారు. బట్టల మార్కెట్లో టాకా తగ్గితే మోసినవాడి వైపు, రాసినవాడి వైపు చూస్తారు. నియామక పత్రం ఉండదు, విచారణ ఉండదు, సేఠు నోటి మాటే తీర్పు. సత్రాజిత్తులకు ఇక్కడ కరువు లేదు.

నా సంగతే చెబుతాను. 2018లో రింగ్ రోడ్డు మీది ఒక మార్కెట్లో, ఒక చీరల కొట్టులో లెక్కలు రాసేవాణ్ణి. కొట్టు పేరు ఇక్కడ అనవసరం. ఎంబ్రాయిడరీకి పోయిన చీరల కట్టలు ఆరు లెక్కకు తేలలేదు. గోదాము తాళాలు ముగ్గురి దగ్గర ఉండేవి. సేఠు మేనల్లుడు, నేను, పార్సిళ్ళు మోసే ఒడిశా గంజాం జిల్లా కుర్రాడు. మేనల్లుణ్ణి ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఒక భువాను పిలిపించారు. దాణా చూడటమని గుజరాత్‌లో ఒక తంతు ఉంది, మన అంజనానికి అన్నదమ్ముడు. గింజలు చల్లి, చేతికి వచ్చినవి సరో బేసో లెక్కపెట్టి దోషి ఎవరో చెబుతారు. నా పేరుకూ కుర్రాడి పేరుకూ బేసి వచ్చింది. పేర్లు పైకి చెప్పకుండా, అవే గింజలతో ఇంకోసారి చేసి చూపించమన్నాను. అలా చేస్తే మాతాజీకి కోపం వస్తుందట. పరీక్ష అనగానే అలిగే దేవతలంటే నాకు మొదటి నుంచీ అనుమానమే.

తర్వాత గుడికొచ్చి ప్రమాణం చేయమన్నారు. చేయనన్నాను. నిజమైన దొంగకు ప్రమాణం కంటే తేలికైన పని లేదు. దానివల్ల ఏమీ రుజువు కాదని చెప్పాను. దానికి సేఠు నలుగురి ముందు అన్న మాట ఇది. “దేవుడు లేడనేవాడికి పాపభయం ఏముంటుంది?” అంతే, కేసు ముగిసింది. రెండు నెలల జీతం ఆపుకుని పంపించేశారు. ఆ మాట నా కంటే ముందే మార్కెట్లో ప్రతి కొట్టుకూ చేరింది. పోలీసులకు ఫిర్యాదు మాత్రం ఇవ్వలేదు. ఇస్తే ఆధారాలు అడుగుతారు కదా! నాలుగు నెలల తర్వాత ఆ ఆరు కట్టలూ ఎంబ్రాయిడరీ చేసేవాడి దగ్గరే, వేరే చలాన్ నంబరు కింద బయటపడ్డాయి. చలాన్ రాసింది మేనల్లుడు. ఈ కబురు నాకు చెప్పింది సేఠు కాదు, ఆ ఎంబ్రాయిడరీ మనిషి.

అప్పటి నుంచీ ప్రతి సంవత్సరికి సేఠు ఫోను నుంచి నాకొక సందేశం వస్తుంది, పువ్వుల బొమ్మతో. ఆయన ఫోనులో ఉన్న అందరికీ పోయేదే అది. ఈ ఏడు మాత్రం దాని వెనకే సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా కులపెద్ద ఒకాయన ఇంటికొచ్చాడు. వరసకు మామ అవుతాడు. “పెద్దమనిషి చేతులు జోడిస్తుండు. మల్ల పనిల పెట్టుకుంటడట. పోనియ్ రాదు, గీ ఊర్లె బత్కాలె గద” అన్నాడు. ఏమని చేతులు జోడిస్తున్నాడు మామా, ఏ తప్పుకు, అని అడిగాను. “గవన్ని ఎందుకు మల్ల తవ్వుడు” అన్నాడు.

ఇక్కడ జైనుల పట్ల న్యాయంగా ఒక మాట చెప్పాలి. వాళ్ళ సంప్రదాయంలోనే ఆలోచన అని ఒకటుంది. గురువు ముందు చేసిన తప్పును పేరు పెట్టి చెప్పుకోవడం దాని అర్థం. ‘తెలిసి గాని తెలియక గాని’ అన్న టోకు సందేశం వాళ్ళ సొంత కొలతకే తూగదు. నేను వాళ్ళ నమ్మకాన్ని ఒప్పుకోను, కాని తప్పుకు పేరు పెట్టమనడం మాత్రం సరైన షరతే.

ఈ పని చిన్న కొట్టుల్లోనే జరుగుతుందనుకోకండి. బ్రిటన్ పోస్టాఫీసు చేసింది ఇదే, గింజలకు బదులు కంప్యూటరుతో. ఫుజిత్సు వాళ్ళు తయారు చేసిన హొరైజన్ అనే లెక్కల వ్యవస్థను 1999 నుంచి పోస్టాఫీసుల్లో పెట్టారు. అది లేని లోటు చూపించేది. లోటును సబ్‌పోస్టుమాస్టరు సొంత డబ్బుతో పూడ్చాలి, లేదా దొంగ అనిపించుకోవాలి. సహాయం కోసం ఫోను చేసిన ఎందరికో వచ్చిన జవాబు, ఈ సమస్య నీ ఒక్కడికే వచ్చిందని. 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. వాళ్ళలో భారత సంతతివాళ్ళు చాలామంది, గుజరాతీలూ ఉన్నారు. ఆ కాలంలోనే అక్కడి చట్టం కూడా మారింది. కంప్యూటరు సరిగా పనిచేసిందనే కోర్టు అనుకుంటుంది, కాదన్నవాడే చూపించాలి. మా భువాకు ఇంత సౌకర్యం కూడా లేదు.

ఆలన్ బేట్స్ అనే సబ్‌పోస్టుమాస్టరు వెంటపడి, 555 మందిని కూడగట్టి కోర్టుకెక్కాడు. 2019 డిసెంబరులో జస్టిస్ ఫ్రేజర్ తీర్పు ఇస్తూ, పోస్టాఫీసు వాదం ఈ 21వ శతాబ్దంలో భూమి బల్లపరుపుగా ఉందనడం లాంటిదని రాశాడు. హేతువాదులు చదివి సంతోషించదగ్గ తీర్పు అది. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలు కొట్టేసింది. 2024 జనవరిలో టీవీ నాటకం వచ్చి దేశమంతా గోల పెట్టాకే ఆ మేలో చట్టం చేసి మిగతా శిక్షల్లో చాలావాటిని ఒక్కసారిగా రద్దు చేశారు.

వాళ్ళలో సీమా మిశ్రా అనే ఆమె ఉంది. 74 వేల పౌండ్లు దొంగిలించిందని 2010 నవంబరులో జైలుకు పంపారు. అప్పుడామె గర్భవతి. ఆమెకు శిక్ష పడ్డప్పుడు ఆనందంగా ఈమెయిలు రాసిన అప్పటి పెద్ద అధికారి 2024లో విచారణ సంఘం ముందు కూచుని క్షమాపణ చెప్పాడు. ఆమె ఒప్పుకోలేదు. శిక్ష కొట్టేసింది 2021లో. మధ్యలో మూడేళ్ళు రాని పశ్చాత్తాపం ప్రమాణం చేసి కుర్చీలో కూచున్నాక వచ్చిందంటే దాన్ని ఏమనాలి? ఆమెది కక్ష అనేవాళ్ళు ఉంటారు. నాకు మాత్రం అది మంచి తర్కం అనిపిస్తుంది. దొరికిపోయినవాడి క్షమాపణకు సాక్ష్యం విలువ తక్కువ.

మనవాళ్ళ వాదనలు కొన్ని ఉన్నాయి. క్షమిస్తే మనసు తేలికవుతుంది, రక్తపోటు తగ్గుతుంది అంటారు. తగ్గవచ్చు. నాకు సేఠు మీద ఇప్పుడు కోపం లేదు, రాత్రి నిద్ర పడుతుంది. కోపం లేకపోవడం నా ఆరోగ్యానికి సంబంధించింది. క్షమించడం ఆయన పద్దుకు సంబంధించింది. రెండూ ఒకటి కావు. హేతువాద మిత్రుడొకాయన ఇంకా లోతుకు పోయాడు. మనిషికి స్వేచ్ఛాసంకల్పమే లేదు, సేఠు తన పరిస్థితుల చేత అలా చేశాడు, ఇక క్షమించకపోవడానికి ఏముంది అన్నాడు. సరే, ఒప్పుకుందాం. తప్పు తూచే తక్కెడకూ సంకల్పం లేదు. అయినా దాన్ని క్షమించి అదే తక్కెడలో బియ్యం కొనుక్కోం కదా, సరిచేయించాకే కొంటాం. కొట్టు అనేది మనిషి కూడా కాదు, ఒక పద్ధతి. కట్ట తగ్గితే గింజలు చల్లే పద్ధతి అలాగే ఉండగా నేను వెళ్ళి అదే గద్దె మీద కూచుంటే, నేను క్షమించింది సేఠును కాదు, వచ్చే ఏడాది ఇంకొకడి మీద పడబోయే నిందను.

అసలు ఈ మార్కెట్లో మాఫీ ఎలా జరుగుతుందో సేఠుకు నాకంటే బాగా తెలుసు. బాకీదారు చేతులెత్తేస్తే ముందు కూచుని లెక్క రాస్తారు. ఎన్ని బిల్లులు, ఏ తేదీవి, ఎంత సరుకు వాపసు వచ్చింది, నికరం ఎంత. అదంతా తేలాక, ఇష్టముంటే, ఇంత వదిలేశానంటారు. లెక్క చూడకుండా ఖాతా కొట్టేసే వ్యాపారి సూరత్‌లో ఒక్కడు కూడా నాకు కనపడలేదు. నా ఖాతా మాత్రం లెక్క లేకుండా మూసేయాలట.

అందుకని మామతో కబురు పంపాను. క్షమాపణ నాకు ఇంట్లో వద్దు. ఏ గద్దె ముందు నన్ను దొంగ అన్నారో అక్కడే, ఆ రోజున్న వాళ్ళను పిలిచి, కట్టలు ఎక్కడ దొరికాయో, చలాన్ ఎవరు రాశారో చెప్పాలి. ఆపిన జీతం ఇవ్వాలి. సరుకు తగ్గితే ముందు చలాన్లు, తర్వాత గోదాము రిజిస్టరు, తాళం ఉన్న ప్రతి ఒక్కరినీ ఒకేలా అడగడం అని కొట్టులో రాసి పెట్టాలి, మేనల్లుడితో సహా. ఇవి జరిగితే నేను క్షమించానని నోటితో చెప్పాల్సిన పని కూడా ఉండదు. జరగకపోతే ఆ మాటకు అర్థం లేదు. మామ విని, “నువ్వు మనిషివి కావురా, వకీలువి” అన్నాడు. ఇందులో తిట్టు ఏముందో నాకు అర్థం కాలేదు.

ఇదంతా నా వరకు. ఆ గంజాం కుర్రాడి సంగతి వేరు. నన్ను మాటలతో వదిలారు, వాణ్ణి కొట్టారు. ఒక రాత్రంతా గోదాములో ఉంచి పొద్దున రైలు టిక్కెట్టు చేతిలో పెట్టి పంపేశారు. వాడికి చదువు రాదు, తెలుగు రాదు, గుజరాతీ సగమే వచ్చు. కట్టలు దొరికిన సంగతి వాడికి ఈనాటికీ తెలిసి ఉండదు. ఊళ్ళో వాళ్ళమ్మకు ఏమని చెప్పుకున్నాడో. సంవత్సరి సందేశం వాడికి పోదు, సేఠు ఫోనులో వాడి నంబరు ఎప్పుడూ లేదు. “నువ్వు ఒప్పుకుంటె ఇద్దరిదీ అయిపోయినట్లే” అని మామ అంటున్నాడు. వాడి తరఫున క్షమించే హక్కు నాకు ఎవరిచ్చారు?

మామ వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానన్నాడు. వచ్చేటప్పుడు ఆ కుర్రాడి ఊరు పేరు సేఠు దగ్గర రాయించుకుని తెమ్మన్నాను. జీతాల పుస్తకంలో 2018 పేజీలో నేనే రాశాను, మూడో పంక్తిలో ఉంటుంది.