పోటు చూచి పడవ ఎక్కండి

పిల్లలూ! వియత్నాంలోని హోచిమిన్ నగరం పేరు విన్నారు గదా? 1976 దాకా అది సైగాన్. అక్కడి వీధుల్లో మోటారు సైకిళ్ళ రొద ఇంతా అంతా కాదు. సెలవునాడు పల్లెగాలి పీల్చుకోవాలంటే, సుమారు 70 కిలోమీటర్ల దూరాన మెకాంగ్ నదీపాయ ఒడ్డున ఉన్న మిథోకు పోవచ్చు. అవతలి ఒడ్డున బెన్‌ట్రే. మన కోనసీమలో లాగే అక్కడ ఎటు చూచినా కొబ్బరితోటలూ, కాలువలూను.

అయితే ఈ ప్రయాణానికి గడియారం ఒక్కటే చూస్తే చాలదు. సముద్రాన్ని కూడా అడగాలి! ఎందుకంటే, సముద్రపు ఆటుపోట్లు ఆ కాలువల దాకా వస్తాయి. పోటు వేళ కాలువ నిండుగా ఉంటుంది. పడవ హాయిగా సాగుతుంది. ఆటు వేళ నీరు తీసిపోయి, చిన్న కాలువల్లో పడవ బురదలో చిక్కుకోవచ్చు. పైగా చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతుంటాడు గనక, పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నిన్నటి వేళ నేడు పనికిరాదు!

అందుచేత తెలివైనవాళ్ళు ముందు పోటు వేళ తెలుసుకుని, ఆ తరువాతనే బయలుదేరే వేళ నిర్ణయిస్తారు. మే నుంచి నవంబరు దాకా వానకాలం, గొడుగు మరవరాదు.

ఈసారి కోనసీమకు వెళ్ళినప్పుడు మీరూ పడవవాణ్ణి అడగండి: "తాతా, ఇవాళ పోటు ఎప్పుడు?"